పదికి ఎనిమిది వందల అరవై ఆరు

తొంభైల్లో కరీంనగర్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. మా ల్యాబ్‌లో యూనిక్స్ నడిచే మిషన్ ఒక్కటే ఉండేది. దానికి వైర్లతో ఆరు తెరలు తగిలించి ఉండేవి. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవాళ్లం. హైదరాబాద్‌లో మూడు నెలల కోర్సు చేసి వచ్చానేమో, ఆ మిషన్‌లో నాకు తెలియనిదేమీ లేనట్టే తిరిగేదాన్ని.

ఆ ఏడు వార్షికోత్సవానికి ముగ్గుల పోటీ పెట్టారు; గెలిచినవాళ్లకు ఒక గోడ గడియారం బహుమతి. అంతకుముందు ఏడు ఫలితాల దగ్గర పెద్ద రభస అయింది. అందుకని ప్రిన్సిపాల్ సార్ నన్ను పిలిచి, "ఈసారి ఫలితం కంప్యూటరే చెప్పాలమ్మా. దానితోని ఎవలు కొట్లాడుతరు?" అన్నారు.

జడ్జీలు ముగ్గురు, ముగ్గులు పది. కాగితం మీద కూడితే పది నిమిషాల పని. ఆ మాట నేను ఎత్తలేదు. "షెల్ స్క్రిప్ట్ రాస్త సార్" అన్నాను గంభీరంగా. మిషన్ వరసగా ఏమేం చేయాలో ముందే రాసిపెట్టుకునే ఫైలు అది, అంతే. సార్‌కు ఆ పేరు బాగా నచ్చింది. మైకులో నాలుగుసార్లు చెప్పారు.

శనివారం నాటి పోటీలో ఎనిమిది మంది పిల్లలు, ఒక లెక్చరర్, హాస్టల్ వంటామె ముగ్గులు వేశారు. జడ్జీలు ఎవరి మనసూ నొప్పించకుండా పదికి ఏడో, ఎనిమిదో, తొమ్మిదో వేసి ఊరుకున్నారు. నేను మార్కులు టైపు కొట్టి స్క్రిప్ట్ నడిపాను. ప్రింటర్ గరగరమంటూ కాగితం బయటపెట్టింది. చదవకుండానే తీసుకెళ్లి సార్ చేతిలో పెట్టాను.

సార్ మైకులో చదవడం మొదలుపెట్టారు. ఒకటో ముగ్గు, సగటు ఎనిమిది. రెండోది ఎనిమిది. మూడోది ఎనిమిది. అయిదో ముగ్గుకు వచ్చేసరికి పిల్లలంతా ఒక్క గొంతుతో "ఎనిమిదీ!" అని అందుకోవడం మొదలుపెట్టారు. పదీ అయ్యాక వెనక నుంచి ఎవరో అరిచారు: "గడియారం ఒక్కటే ఉన్నది గద సార్, పది తుకడలు చేస్తరా?"

ల్యాబ్‌కు పరుగెత్తాను. తప్పు వెంటనే దొరికింది. భాగహారానికి నేను వాడిన ఎక్స్‌పర్ అనే కమాండ్‌కు పూర్ణసంఖ్యలే తెలుసు. ఇరవై నాలుగును మూడుతో భాగించినా ఎనిమిదే, ఇరవై ఆరును భాగించినా ఎనిమిదే. మిగిలినదాన్ని చప్పుడు కాకుండా పారేస్తుంది.

ఇంతలో సార్ కూడా వచ్చేశారు. "ఏందమ్మా గిది, పరేషాన్ చేస్తివి?"

"ఏం లేదు సార్, దీనికి బీసీ పెడితే అయిపోతది."

"ముగ్గులకు గూడ రిజర్వేషనా?"

దశాంశాల లెక్కలు చేసే కమాండ్ పేరే బీసీ అని చెప్పి, దాన్ని నడిపాను. పది ఎనిమిదులు మళ్లీ వచ్చాయి. సార్ నా వంక చూశారు. నేను కీబోర్డు వంక చూశాను.

అప్పటికే నా వెనక వచ్చి నిలబడ్డ రెండో ఏడాది అమ్మాయి నోరు తెరిచింది. వాళ్ల ఇంట్లో మగ్గాలు ఉండేవి. "మేడం, గజాలల్ల తేలకపోతే మా బాపు అంగుళాలల్ల కొలుస్తడు. మీరు గూడ ముందుగాల వందతోని గుణించి, తర్వాత భాగించుండ్రి."

అలాగే చేశాను. 800, 833, 866 అని ముగ్గుల తేడాలు బయటపడ్డాయి. 866 ఒక్కరికే వచ్చింది. మళ్లీ వందో వంతుకు దించేలా ఎనిమిది పక్కన చుక్క పెట్టాలని తట్టేలోపే సార్ కాగితం లాక్కుని పోయారు.

"ప్రథమ బహుమతి మన హాస్టల్ వంటామెకు! పది మార్కులకు ఎనిమిది వందల అరవై ఆరు!"

చప్పట్లు ఆగలేదు. సరిదిద్దుదామని వేదిక దాకా వెళ్లాను. కానీ ఆమె ముఖంలో సంబరం చూశాక అక్కడే ఆగిపోయాను. నవ్వు ఆపుకోవడానికి చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

గడియారం చంకన పెట్టుకుని ఆమే నా దగ్గరికి వచ్చింది. "చుక్క పెట్టుడు మర్చిపోయిండ్రా మేడం? నాకు చెప్తే నేనే పెడుదును గద!"

సోమవారం క్లాసులో, బీసీకి ముందు స్కేల్, అంటే ఎన్ని అంకెలు కావాలో, చెబితేనే చుక్క తర్వాతి అంకెలు చూపిస్తుందని బోర్డు మీద రాశాను. మగ్గాల ఇంటి అమ్మాయి లేచింది.

"గిది మీకు శనివారం నాడే ఎరుకనా మేడం?"

"ఎరుకనే" అన్నాను. ఆదివారమంతా ఇటుకంత లావు మాన్యువల్ తిరగేస్తే దొరికిందది.

ఆ అమ్మాయి నన్ను ఇంకో రెండు క్షణాలు చూసి, కూర్చుని నోట్సు రాసుకుంది.