అత్త నా దోసిట్లో పెట్టిన గుడ్డు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుడ్డు అన్న మాట వినబడితే నానమ్మ చెవులు మూసుకునేది. మాది నీసు ముట్టని ఇల్లు. ఉండేది గౌలిపురలో, చార్మినార్ దగ్గర గాజుల దుకాణం. అలాంటి ఇంట్లో పుట్టిన మా మేనత్త ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పేది. గుడ్డులో కోడిపిల్ల ఎలా తయారవుతుందో చూపించడానికి ల్యాబులో గుడ్లు పొదగబెట్టేది. కరెంటు పెట్టె వేడి ఇస్తుంది గానీ, వాటిని మధ్యమధ్యలో తిప్పడానికి మనిషి కావాలి. అందుకే సెలవుల్లోనూ వెళ్లేది. ఒక ఆదివారం నన్నూ వెంటబెట్టుకెళ్లింది.

మేం లోపల ఉండగానే బయట గొడవలు మొదలయ్యాయి. పోలీసు జీపు మైకులో కర్ఫ్యూ అని అరుచుకుంటూ పోయింది. కాసేపటికి కరెంటూ పోయింది. అత్త గడియ పెట్టి కిటికీలన్నీ మూసేసింది. ఉక్క, మందుల వాసన, సీసాల్లో కప్పలు. నాకు ఊపిరాడలేదు. అమ్మ కావాలని ఏడుస్తూ తలుపు గడియ లాగబోయాను. బయట ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు.

అత్త కోప్పడలేదు. ఒక గుడ్డును దూదిలో పెట్టి నా దోసిట్లో ఉంచింది. పెంకు పైన చిన్న కిటికీలా కోసి ఉంది. లోపల పచ్చసొన మీద ఆవగింజంత ఎర్రటి చుక్క టకటకా కొట్టుకుంటోంది.

"గదే గుండె బిడ్డా. పెట్టె సల్లబడ్తుంది. ఇగ నీ చేతుల వేడితోనే కొట్టుకోవాలె. ఉరికినవంటే ఆగిపోతది."

నేను కదల్లేదు. భయం పోలేదు, కానీ ఆ చుక్క మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. సాయంత్రం కర్ఫ్యూ సడలించే వేళకు అది నెమ్మదించింది గానీ ఆగలేదు.

"ఇది పిల్లయితదా అత్తా?" అని అడిగాను.

"కాదు బిడ్డా. పెంకు గింత కోసినంక బతకది."

"మరి నన్నెందుకు పట్టుకొమ్మన్నవ్?"

"నువ్వు తలుపు తీస్తవని."

నన్ను మోసం చేసిందని ఒళ్లు మండిపోయింది. ఇల్లు చేరేదాకా ఆమె చెయ్యి పట్టుకోకుండా నడిచాను.

చాలా ఏళ్లకు గాని నాకు ఇంకో సంగతి తట్టలేదు. ఆ మధ్యాహ్నమంతా అత్త నా పక్కనే గోడకు ఆనుకుని ఖాళీ చేతులతో కూర్చుంది. అప్పటికి ఆమె కూడా చిన్నదే, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. బయటి చప్పుళ్లన్నీ ఆమెకూ వినబడే ఉంటాయి. ఆమె చేతులు వణికాయో లేదో నేను చూడనే లేదు.

ఇప్పుడు ఆస్పత్రి వరండాలో గానీ, చావింట్లో గానీ, అందరికీ ధైర్యం చెబుతూ తిరిగే మనిషి ఎవరా అని ముందు వెతుకుతాను. వెళ్లి ఆ మనిషి చెయ్యి పట్టుకుంటాను.