అనిత గురించి మేడమ్ చెప్పిన మాట

మా చిన్నప్పుడు... గూడూరు అంగడిలో మా యాడి తరఫున బేరమాడేది మా చెల్లెలు అనితే. తండాలో మేము అమ్మను యాడి అంటాము. ఆమెకు మా ఇంటి భాష తప్ప తెలుగు అంతంతమాత్రం. ఏడేళ్ల అనిత గంప పట్టుకొని ముందు నడిచేది. ఉల్లిగడ్డల దగ్గర బేరం సగంలో వదిలేసి గాజుల దగ్గరికి ఉరికేది... మళ్ళీ వచ్చి, ఆపిన మాట దగ్గరే అందుకునేది.

"గీ పోరిని ఏడికెళ్లి తెచ్చినవమ్మా? వకీలు గూడ గింత మాట్లాడడు!" అని ఉల్లిగడ్డలమ్మే అవ్వ నవ్వేది.

"నవ్వుడు గాదవ్వా, జర మంచియి ఏరియ్యి. అడుగున మురిగినయి పెడుతున్నవ్, నేను సూడలేదనుకున్నవా?"

అదే అనితను బడిలో "తెలుగు రాని పిల్ల" అన్నారు.

పలక మీద మూడు అక్షరాలు రాసేది... నాలుగోదానికి కిటికీలో కందిరీగ కనిపించేది. అంతే, లేచిపోయేది. సారు ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు అరిచేది. రెండో ప్రశ్న వేసేసరికి గదిలోనే ఉండేది కాదు. కొట్టారు. గోడకుర్చీ వేయించారు. చివరికి సారు తేల్చేశారు.

"తండా పిల్లలకు తెలుగు జల్ది ఎక్కది. ఒకటో తరగతిల్నే కూసోవెడుదాం."

రిజిస్టరులో పేరు పై తరగతికి పోయింది... పిల్ల మాత్రం మూడేళ్లు ఒకటో తరగతి చాపమీదే ఉండిపోయింది. తన మోకాలెత్తు లేని పిల్లలు కూడా ఆటపట్టించేవారు. "ఒకటో తరగతి అవ్వొచ్చింది, జరుగుండ్రి జరుగుండ్రి!"

నేను అదే బడిలో ఏడో తరగతి. ప్రతి అంగడిలో ఆమె తెలుగు విన్నవాణ్ణి. ఒక్కనాడైనా లేచి "సారూ, మా చెల్లెకు తెలుగు వచ్చు" అనలేదు. సారు మాటే వేదం మాకు... మా నోరు మేమే కుట్టుకున్నాం.

ఆ ఏడు మిర్చి ఏరే రోజుల్లో, పిల్లల మనసు చూసే మేడమ్ ఒకామె బడికి వచ్చింది. సంచిలోంచి చెక్కపూసల డబ్బా తీసి అనిత పక్కన నేలమీదే కూర్చుంది.

"ఐదు గుచ్చు... వేపచెట్టు చుట్టు ఒక్క ఉరుకు ఉరికి రా. మళ్ల ఐదు."

ఐదు పూసలు, ఒక ఉరుకు. ఐదు పూసలు, ఒక ఉరుకు... డబ్బా ఖాళీ అయింది. మా చెల్లె ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చేయడం నేను అదే మొదటిసారి చూడటం. దండ మెడలో వేసుకొని, ఎవరూ చెప్పకుండానే ఇంకో నాలుగు చుట్లు ఉరికింది.

మేడమ్ యాడిని పిలిపించింది. మిర్చి చేనులోంచి అట్లాగే వచ్చింది యాడి, మండే చేతులు కొంగులో చుట్టుకొని.

"అమ్మా, నీ బిడ్డ మొద్దు కాదు. మంచి తెలివి ఉన్నది. ధ్యాస ఒక్కకాడ నిలవది, గది ఆమె తప్పు కాదు. దాన్ని ఏడీహెచ్‌డీ అంటరు. ప్రతి గురువారం పెద్ద దవాఖానకు తీసుకరా. ఆమెతోని నేను మాట్లాడుత. ఇంట్ల మీరెట్ల ఉండాలె, బడిల సారు ఎట్ల చెప్పాలె, అన్నీ నేర్పిస్త."

యాడికి సగం కూడా అర్థం కాలేదు. ఎప్పుడూ తెలుగును మా భాషలోకి మార్చి చెప్పేది అనిత... ఆమె చెట్టు దగ్గర ఉంది. యాడి నావైపు తిరిగి మా భాషలో అడిగింది, "ఏమంటున్నది?"

నా తరగతి పిల్లలంతా గుమ్మం దగ్గర గుమికూడారు. వెనక నుంచి ఎవడో అన్నాడు, "పిచ్చి డాక్టర్రా! ఈని చెల్లెకు పిచ్చి!"

నాకు చెవులు కాలిపోయాయి. మా భాషలోనే చెప్పాను... "ఏం లేదంట. పెద్దగైతే అదే కుదురుకుంటదంట."

యాడి ముఖం వెలిగింది. మేడమ్‌కు రెండు చేతులెత్తి దండం పెట్టింది. తల్లి ఒప్పుకుందనుకొని మేడమ్ కూడా నవ్వింది. దవాఖాన పేరు, గది రాసిన చీటీ నా చేతిలో పెట్టింది. దాన్ని చించి బడి వెనక పారేశాను.

మేడమ్ వెళ్లాక సారు అన్నారు, "ఏడీ లేదు, గీడీ లేదు. తెలుగు రాదు, గంతే."

ఆమె మళ్ళీ రాలేదు. కాంట్రాక్టు అయిపోయిందన్నారు. మరుసటి ఏడు నాలుగోసారి ఒకటో తరగతి చాప చూపించగానే అనిత పలక గడప మీద పెట్టి ఇంటికొచ్చేసింది. మళ్ళీ పోలేదు.

తర్వాత నేను కరపత్రాలు చదివాను. చిన్నచిన్న పుస్తకాలు చదివాను. హక్కులని, వ్యవస్థ అని చాలా అరిచాను, ఇప్పటికీ అరుస్తున్నాను. తండా పిల్ల కూర్చోకపోతే కారణం తెలుగే అనుకున్న బడిని క్షమించను. కానీ ఒక కరపత్రంలో అచ్చం అనితలాంటి పిల్ల గురించి చదివిన రోజు... ఎవరిమీద అరవాలో తెలియలేదు.

ఇప్పుడు ఎక్కడికి తీసుకుపోవాలని అటు జనగామ, ఇటు మహబూబాబాద్, భూపాలపల్లి దాకా అడిగాను. "వరంగల్ పొండ్రి" అన్నవారున్నారు, "హైదరాబాద్ పొండ్రి" అన్నవారున్నారు. "గింత పెద్దపిల్లకు ఇప్పుడెందుకు తమ్మీ?" అన్నవారే ఎక్కువ.

మొన్న మిర్చి కల్లంలో అనిత పక్కన కూర్చొని తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ అంతా చెప్పేశాను. మధ్యలో రెండుసార్లు లేచిపోయి వచ్చింది. చివరికి కదలకుండా కూర్చుంది.

"నేను మొద్దును కాదన్నదా ఆ మేడమ్?"

"అన్నది."

"గా మాట ఇన్నేండ్లు నీ దగ్గర్నే పెట్టుకున్నవా అన్నా?"

కోప్పడలేదు. కోప్పడితే బాగుండు... కాయలు ఏరుతూనే ఉంది.

అప్పుడు తెలుగు రాదనేవారు. ఇప్పుడు మా తండా పిల్లలు పుట్టుకతోనే తెలుగు మాట్లాడుతున్నారు, ఆ సాకు పోయింది... "ఫోన్ చూసి చెడిపోయింది" అని కొత్త సాకు వచ్చింది. ఆ ఒకటో తరగతి చాప మాత్రం అట్లాగే ఉంది.

మీ తరగతిలోనూ కుదురుగా కూర్చోలేని పిల్ల ఒకతి ఉండే ఉంటుంది. ఆమెకు మనం పెట్టిన పేరు కాదు... అసలు పేరు గుర్తుంటే, కింద రాయండి.