నేను గీత పెట్టిన నట్లు

ఎనిమిదేళ్ళుగా ఒక మాటను మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో నాకు పని ఉండేది కాదు. పేరు మార్చి రాస్తున్నాను. ఊళ్ళు మాత్రం మార్చలేదు.

నేను బొగ్గు గనుల వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. నా భార్య చెల్లెలి భర్త, అంటే నా తోడల్లుడు, జూలూరుపాడులో టీచరు. శేఖర్ అనుకుందాం. మా మామగారిది కల్లూరు. వాళ్ళ పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొని స్థిరపడ్డారు. గని కార్మికుడి కొడుకునైన నేను ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి ఎలా అయ్యానన్నది వేరే కథ. ఆ ఇంట్లో నాకు విలువ కనిపించేది మాత్రం ఒక్కచోటే, మామగారి పాత జీపు కింద. పండక్కి పోయినా, పెళ్ళికి పోయినా కొత్త చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి ఆ జీపు కింద దూరేవాణ్ణి. ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో "మా పెద్దల్లుడి చేతిలో పనుంది" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఇరవై ఏళ్ళు నూనె పూసుకున్నాను.

ఆ జీపు మూలనపడ్డాక ఒకనాడు భోజనాల దగ్గర శేఖర్, దాన్ని ఇంటి దగ్గర పెట్టుకుని స్వయంగా బాగుచేసుకుంటానన్నాడు. మామగారు తీసుకుపొమ్మన్నారు. అంతే, అన్నం కలుపుతూ కలుపుతూ ఇచ్చేశారు. నువ్వు అడగలేదు కదా అంటారేమో. నిజమే, అడగలేదు. ఇరవై ఏళ్ళు దాని కింద పడుకున్నవాడు నోరు తెరిచి అడగాలా?

కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఇంతకన్నా మర్యాదైన మాట దీనికి దొరకడం లేదు. నెల తిరక్కుండా చేతులెత్తేసి నాకు ఫోను చేస్తాడనుకున్నాను. చేయలేదు. వాళ్ళ వాకిట్లో రేకుల షెడ్డు వేశాడు. విప్పిన ప్రతి బోల్టునూ చిన్న కవరులో వేసి, అది ఎక్కడిదో ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ రాసి పెట్టాడు. రాత్రి చూసిన రిపేరు వీడియోకి పొద్దున నోట్సు రాసుకున్నాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఎదురొచ్చి, ఒక్కొక్కటీ చూపించి, బాగుందా అన్నా అని అడిగేవాడు. బాగుండేది. అదే నా బాధ. ఎక్కడైనా ఒక్క తప్పు దొరికితే ఆ పూట నాకు అన్నం సయించేదేమో.

చివరికి కమాన్లు మార్చే పని వచ్చింది. కమాన్లంటే చక్రాల దగ్గర బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు. పాతవి అణిగిపోయి జీపు ఒక పక్కకి ఒరిగి ఉండేది. అసలు కంపెనీవి ఇప్పుడు దొరకవు. శేఖర్ బయటి తయారీవి నాలుగు కట్టలు, వాటి బుష్‌లు, యూ బోల్టులు, షాకబ్జర్లు అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. నేను రాకముందే బిగించేశాడు కూడా. బిగువు సరిపోగానే టక్కుమని చెప్పే పానా ఒకటి కొన్నాడు. ముప్ఫై ఏళ్ళలో నా మణికట్టు నేర్చుకున్నది ఆ పానా అతనికి ఒక్క పూటలో చెప్పేసింది. నేను జీపు కింద పడుకుని ఒక్కో నట్టూ పట్టి చూశాను. ఒక్కటీ తప్పు లేదు. పైన నా భార్య, అతను ఎంత ఓపికగా చేశాడో చూడమని చెల్లెలితో మెచ్చుకుంటోంది. నా పనిని ఆమె ఎన్నడైనా ఓపిక అందా? గుర్తు లేదు. అని ఉంటుందేమో కూడా. ఆ క్షణంలో మాత్రం ఎన్నడూ అనలేదనే అనిపించింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. కొత్త కమాన్లు వేశాక బండి బరువు పడి, కొంతదూరం తిరిగేసరికి, ఆ పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి. అప్పుడు వాటిని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు వదులవుతాయి. వాటిని రెండోసారి బిగించాలి. మా వర్క్‌షాపులో ఆ రెండో బిగింపు అయ్యాకే, నట్టు మీద నుంచి దాని కింది ఇనప పలక మీదకి తెల్ల పెయింటుతో సన్నటి గీత గీస్తాం. గీత ఉందంటే పని పూర్తయినట్టు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఈ గీత గురించి శేఖర్‌కి గొప్పగా చెప్పింది నేనే. అతను దాన్ని గుర్తుపెట్టుకుని, ఆ రోజు తెల్ల పెయింటు డబ్బీ, అగ్గిపుల్లా తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా చేత్తోనే గీత పెట్టాలన్నాడు.

పెట్టాను. ఎనిమిది యూ బోల్టులు, పదహారు నట్లు. బండి ఇంకా గేటు కూడా దాటలేదు.

పైకి లేచి చేతులు తుడుచుకుంటుంటే అతను కమాన్ల పెట్టెలో వచ్చిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, కొంచెం దూరం నడిపినంక యూ బోల్టులు మళ్ల బిగించాలని ఇండ్ల రాసిండ్రు. రేపు కల్లూరు పోయొస్త. వచ్చినంక ఒకసారి బిగిద్దామా?"

"గీత పెట్టిన గదా. గీత పెట్టినంక పానా పెట్టరు."

"అవ్, నువ్ చెప్పినవ్. మరి ఈ కాయితం?"

"కాయితాలు గట్లనే రాస్తరు. ముప్ఫయ్యేండ్ల సంది చేస్తున్న నేను. నువ్ మంచిగ తోలుకో పో."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం మీద నమ్మకం లేక కాదు, నా మీద ఉండి.

నాకేం కావాలి అప్పుడు? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. వాళ్ళ ప్రాణాల మీదకి తేవాలని కాదు. ఆ బోల్టులు వదులై కింద నుంచి టకటకా చప్పుడు రావాలి, అందరి ముందూ రావాలి. శేఖర్ నోట్సు తిరగేసుకుని తెల్లమొహం వేయాలి. అప్పుడు మామగారు పెద్దల్లుణ్ణి పిలవమనాలి. నేను చొక్కా విప్పి, పక్కకి జరగమని అతనికి చెప్పి, ఆ జీపు కింద దూరాలి. నా కోరిక ఇంతే. ఇంత చిన్నది కాబట్టే అది నాకు తప్పులా కనిపించలేదు.

అతను కల్లూరు వెళ్ళొచ్చాడు. ఏ చప్పుడూ రాలేదు. మామగారు ఊరంతా తిరిగి చూపించుకున్నారట. తర్వాతి ఆదివారం బండికి పూజ చేయించడానికి అందరూ భద్రాచలం బయల్దేరారు. నాకు డ్యూటీ ఉందన్నాను. లేదు.

పాల్వంచ దాటి అడవి మొదలయ్యాక ఒక మలుపులో ముందు ఎడమ చక్రం ఇరుసుతో సహా వెనక్కి జరిగింది. స్టీరింగు మాట వినలేదు. జీపు రోడ్డు దిగి ఒక చెట్టుకి కొట్టుకుంది. శేఖర్‌కి, మరదలికి దెబ్బలతో పోయింది. ఎడమ పక్క కూర్చున్న మామగారికి తుంటి విరిగింది. ఆ తర్వాత బతికిన ఐదేళ్ళూ ఆయన వాకర్ పట్టుకునే నడిచారు.

జీపుని తెచ్చి పడేసిన షెడ్డుకి అందరికన్నా ముందు వెళ్ళింది నేను. వంగి చూశాను. ఎడమ పక్క నట్ల మీద నా గీత ఒకచోట, పలక మీద దాని మిగతా సగం ఇంకోచోట ఉన్నాయి. చూసినవాడు ఎవడైనా సరే, నట్లు వదులయ్యాయనీ, వాటికి గీత ముందే పెట్టారనీ ఇట్టే చెప్పగలడు. కిరసనాయిలు గుడ్డతో మొత్తం పదహారూ తుడిచేశాను. తర్వాత ఖమ్మం దవాఖానాకి వెళ్ళాను. ఎట్లా జరిగింది అల్లుడా అని మామగారు అడిగితే, ఎంతైనా ఇంట్లో చేసుకున్న పని కదా మామా అన్నాను. శేఖర్ పక్కనే ఉన్నాడు. తల దించుకున్నాడు. గీత సంగతి ఎత్తలేదు, కాగితం సంగతి ఎత్తలేదు. నన్ను కాపాడుతున్నాడా, లేక తన బిగింపే తప్పని నిజంగా నమ్మాడా? నమ్మాడు. తర్వాత నాకు అర్థమైంది. జీపుని తుక్కు కింద అమ్మేశాడు, ఆ పానా కూడా ఎవరికో ఇచ్చేశాడు. మామగారు పోయిన రోజు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, నా చేతుల వల్లే మామా అని ఏడ్చాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను. ఆ చెయ్యే వేశాను.

ఇప్పటికీ కారులో చిన్న చప్పుడు వస్తే నాకే ఫోను చేస్తాడు. టైరు మార్చాలన్నా తను ముట్టుకోడు. నువ్వొచ్చి చూడన్నా, నా చెయ్యి మంచిది కాదు అంటాడు. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే కదా? అక్షరాలా దొరికింది. వెళ్ళి చూసి వస్తాను.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ పైన ఒక అబద్ధం రాశాను. చప్పుడు మాత్రమే కోరుకున్నానని.

ఆ ఆదివారం పొద్దున నా భార్య కూడా వాళ్ళతో బయల్దేరింది. పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయలు సంచిలో సర్దుకుంది. నేను వద్దన్నాను. ఆ సీటు గట్టిది, నీ నడుము పోతుంది, ఇంకోసారి పోదువుగాని అన్నాను. ఆమె అలిగింది. నేను తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాను. ఇప్పటికీ చుట్టాలందరికీ ఆ సంగతి చెబుతుంది, ఆ రోజు మా ఆయన నోట రామయ్యే పలికాడని. చెప్పినప్పుడల్లా నా వైపు ప్రేమగా చూస్తుంది.

వచ్చేది ఉత్త చప్పుడే అయితే ఆమెను ఎందుకు ఆపాను? ఆమెను ఆపినవాణ్ణి మిగతా ముగ్గుర్నీ ఎందుకు ఎక్కనిచ్చాను?

శేఖర్, ఆ నట్లు నువ్వు సరిగ్గానే బిగించావు. మళ్ళీ బిగిద్దామని కూడా అడిగావు. వద్దన్నది నేను. ఎందుకు వద్దన్నానో నాకు తెలుసు.

ఈ మాటలు మామగారు వినకుండానే పోయారు. అతనూ ఇంకా వినలేదు. మీరు విన్నారు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఈ సంగతి తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే కాను. ఈ పూటకి నాకు అదే చాలు.