పది నిమిషాలు ముందుండే మావయ్య గడియారం

ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తున్నానంటే రాయగడలో కొత్త అల్లుడికిచ్చినంత మర్యాద ఇచ్చిన రోజులవి. విశాఖలో ఒక చిన్న కంపెనీ నన్ను ఆరు నెలలు చూసి ఖాయం చేస్తానంది. నేనుండేది మునిసిపాలిటీ నీళ్ల పంపు దగ్గర పనిచేసే మావయ్య ఇంట్లో. నాకప్పగించింది ప్రొఫైలర్, అంటే ప్రోగ్రాంలో ఏ భాగానికి ఎంతసేపు పడుతోందో కొలిచే సాధనం. నేను రాసింది బాగానే కొలిచేది గానీ, రోజుకోసారి రెప్పపాటు పనికి పది నిమిషాలు పట్టిందనేది. ఇంకోసారి మైనస్ పది నిమిషాలనేది (అంటే పని మొదలవకముందే పూర్తయిందన్నమాట, అంత చురుకుదనం ఏ ఆఫీసులోనూ చూడలేదు). "శనివారం సాయంత్రం ఆరుకల్లా సరిచేసి పంపు, లేకపోతే నీ దారి నీది" అన్నాడు మా బాస్.

తొమ్మిది రోజులు తిండి సహించలేదు. బాగున్న కోడంతా చెరిపి మళ్లీ రాశాను, మళ్లీ అదే మైనస్. నాకు డిగ్రీ పొరపాటున ఇచ్చేశారని నిజంగానే నమ్మాను. శనివారం డ్యూటీ దిగివచ్చిన మావయ్య "ఏటిరా, అలాగున్నావు?" అని అడిగితే అంతా చెప్పుకున్నాను.

"అదా? నీ లేప్‌టాప్ పది నిమిషాలు ఎనకుంటందిరా. నువ్వు తానానికెల్లినప్పుడల్లా నేనే ముందుకి తిప్పుతన్నాను. నెట్టు రాగానే మల్లీ ఎనక్కెల్లిపోతంది, సెప్పిన మాట యినదు" అన్నాడు. (వయసులో ఉండగా తన ఇంటర్వ్యూ నాడు కొరాపుట్ రైలు తప్పిపోయినప్పట్నుంచి ఆయన ఇంట్లో ప్రతి గడియారమూ పది నిమిషాలు ముందే.)

తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. మొదలైన టైం, ముగిసిన టైం లాప్‌టాప్ గడియారం చూసి తీసివేయడమే నా తప్పు. ప్రోగ్రాం నడుస్తుండగా ఆయన తిప్పితే పది నిమిషాలు కలిసేది, నెట్టు సరిచేస్తే మైనస్ అయ్యేది. ఎవరు తిప్పినా తిరగని, ముందుకే నడిచే లెక్క ఒకటి కంప్యూటర్ లోపలే ఉంటుంది. రెండు లైన్లు మార్చి దాన్ని వాడాను. పదిసార్లు నడిపినా మైనస్ రాలేదు. ఆనందంగా తలెత్తితే గోడ గడియారం ఆరూ అయిదు చూపిస్తోంది. ప్రాణం ఉసూరుమంది. గడువు దాటింది, నేను పనికిరానని నాలుగు ముక్కలు రాసి రాజీనామా పంపేశాను.

వెంటనే బాస్ ఫోన్ చేశాడు. "ఆరుకింకా మూడు నిమిషాలుందయ్యా. ఈ ఉత్తరమేంటి?" గోడ మీదిదీ మావయ్య గడియారమేనని అప్పుడు గుర్తొచ్చింది. జరిగింది చెప్పి, కోడ్ పంపాను. చాలాసేపు నవ్వి, "కోడ్ బాగుంది. కానీ టైం కొలిచే పని, గోడ గడియారం నమ్మి రాజీనామా చేసేవాడికి ఎలా ఇస్తాను?" అన్నాడు. కోడ్ తీసుకున్నాడు, రాజీనామా కూడా తీసుకున్నాడు. నేను ఏడుస్తుంటే మావయ్య గోడకేసి చూసి, "తప్పు నాదేరా" అన్నాడు. గడియారాన్ని మాత్రం వెనక్కి తిప్పలేదు.

ఇప్పుడు కొరాపుట్‌లో వేరే ఉద్యోగం. నా చేతి గడియారమూ పది నిమిషాలు ముందే ఉంటుంది. నేనే పెట్టుకున్నానని తెలిసినా చూడగానే పరుగెడతాను. ముందే చేరి, తాళం తీయని ఆఫీసు మెట్ల మీద కూర్చుని, చేతిలో అయిదు నిమిషాలుండగా చేతులెత్తేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.