భావూ కట్టని ముడి

నిన్న ఆదివారం ఏమైందో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి. బామ్మర్ది ముంగట నా ఇజ్జత్ ఇరై నదిల కొట్టుకపోయింది. గది గూడ ఒక్కసారి కాదు, ఐదుసార్లు.

మీకు ఎరకే గద, పద్మాపూర్ గనిల డ్యూటీ దిగితే నాకు గాలమే లోకం. పదిహేనేండ్ల సంది చంద్రపూర్ బజార్ల వసంత్‌భావూ దుకాణంలనే గాలం సామాన్ కొంట. మరాఠాయన, భావూ అంటే వాళ్ల బాసల అన్న, మస్తు మంచోడు. మునుపైతే పోంగనే కూసోవెట్టి చాయ్ తెప్పిస్తుండె. ఏ ఒడ్డుకు పోతున్నవ్, నీళ్లెంత లోతు, రవ్వ చేపకా బొమ్మె చేపకా అని అన్నీ అడిగి, తంగుసు దారానికి గాలం ముల్లు తనే కట్టి, పంటితోని కొస తెంపి చేతిల పెడుతుండె.

ఊర్లకు ఫారిన్ మాల్ వచ్చిన కాడికెళ్లి గాయన గూడ మారిండు. దుకాణానికి అద్దాల తలుపు వెట్టిండు. ఫ్యాన్ ఉన్నది గనీ ఆయన దిక్కే తిరుగుతది. మనం కూసునే బల్ల తీసేసి, గాడ 'ముట్టుకోవద్దు' అని ఇంగ్లీష్ బోర్డు తగిలిచ్చిండు. మొన్న శనివారం పోతే టీవీల క్రికెట్ చూస్తుండు, తలకాయ గూడ తిప్పలే. జపాన్‌దట, ఐదు ముళ్ల ప్యాకెట్ ఒకటి నా ముంగటికి నూకిండు.

"భావూ, జర ముల్లు కట్టియ్యవా?" అన్న.

"కంపెనీ ప్యాకింగ్. లోపల కాయితం ఉంటది, చదువుకో" అన్నడు.

ఇంటికొచ్చి ఇప్పి చూస్తే, గా కాయితం ఇంగ్లీషుల గూడ లేదు. అంతా జపానే. నాకు మండింది. నువ్వు కట్టకపోతే నా చేతులు పడిపోయినయా అనుకున్న. అప్పటికే మా బామ్మర్ది, పేరు తిరుపతి, మంచిర్యాల నుంచి వచ్చి కూసున్నడు. రేపు చేపల కూర నా జిమ్మేదారి అని ఆయనకు మాటిచ్చిన. నా పెండ్లం సుగుణ గది నమ్మి మసాలా నూరుకున్నది, కూరగాయలు గూడ తేలే.

పొద్దుగాల ఇద్దరం ఒడ్డుకు పోయినం. తిరుపతి చూస్తుండంగ ముల్లు కట్టిన. పైజామ నాడకేసే ముడి, నాకు గదొక్కటే వచ్చు. జరసేపటికి బెండు మునిగింది. జోరుగ గుంజిన. తంగుసు ఒట్టిగ వచ్చింది. ముల్లు లేదు, ఎర లేదు, చేప లేదు. ఇంకోటి కట్టిన, అదీ గంతే. ఐదు ముళ్లూ చేపలకే ఇచ్చి పంపిన. తిరుపతి మంచోడు, నవ్వలే.

"బావా, నీ దానం అయిపోతే ఇంటికి పోదామా? ఆకలైతుంది" అన్నడు.

సుగుణ చేపల మసాలల కోడిగుడ్లు ఏసింది. తిట్టినా బాగుండు.

ఇయ్యాల డ్యూటీకి పోయే ముంగట దుకాణానికి పోయి భావూను కడిగేసిన. గిరాకీ అంటే గింత లెక్కలేదా, నీ పద్ధతే ఖరాబైంది అన్న. భావూ మొదటిసారి టీవీ మీదికెళ్లి చూపు తిప్పిండు.

"పదిహేనేండ్లు నీ కండ్ల ముంగట్నే కట్టిన గదనే. ముడి ఒక్కసారన్న చూడలేదా?"

గా పదిహేనేండ్లు నేను చాయ్ ఎప్పుడొస్తదా అని తలుపు దిక్కే చూసిన.