గెలిచేవాడి గొంతు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. దేని గురించైనా రాయడానికి అది తెలిసుండాల్సిన అవసరం లేదని. (ఇప్పటికీ చాలామందికి ఉంది, వాళ్ళ సంగతి మనకెందుకు.) ఆ నమ్మకంతోనే ఫిల్మ్‌నగర్‌లో ఒక సెల్లార్లో ఉన్న డబ్బింగ్ థియేటర్‌కి వెళ్ళాను. బేస్‌బాల్ గురించి తెలుసా అని అడిగితే, ఎందుకు తెలియదండీ అన్నాను. నిజానికి అప్పటికి నాకు కబడ్డీ కూడా సరిగ్గా అర్థమయ్యేది కాదు. బొంబాయిలో ఏదో యాప్ వాళ్ళు అమెరికా బేస్‌బాల్ మ్యాచ్‌ల ముఖ్యమైన ముక్కలకి తెలుగులో కామెంటరీ చెప్పించాలనుకున్నారు. కొత్త సీజన్ అప్పుడే మొదలైంది. మొదటి కొన్ని మ్యాచ్‌లు నచ్చితే సీజన్ పొడుగునా పని మాకే. నచ్చకపోతే మిగతావాళ్ళకి ఇంకో పని దొరుకుతుంది, నాకు మాత్రం అమీర్‌పేటలో బ్యాంకు పరీక్షల కోచింగ్ రాసిపెట్టి ఉంది. వెంగళరావు నగర్‌లో మా నాన్న నన్ను చేర్పించడానికి చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు, నేను ఊ అనడమే తరువాయి.

రాసేది నేను, చెప్పేది బాబాయ్. సొంత బాబాయేం కాదు, ఆ వీధిలో అందరికీ బాబాయే. శ్రీనగర్ కాలనీ నుంచి పాత స్కూటర్ మీద, మెడకి మఫ్లర్ చుట్టుకుని వచ్చేవాడు (రోహిణి కార్తెలో కూడా, గొంతుకి గాలి తగలకూడదట). ముప్పై ఏళ్ళుగా విలన్లకి గొంతిచ్చిన మనిషి. మన విలన్లు చాలామంది పైరాష్ట్రాల నుంచి దిగుతారు కదా, నోరు వాళ్ళది, మాట ఈయనది. తెర మీద ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టిన ఆ గొంతు బయట టీ కుర్రాణ్ణి కూడా 'ఏవయ్యా' అని మర్యాదగా పిలిచేది. మొదటి రోజే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. ఈ ఆటలో వచ్చిన బంతిని కొట్టలేకపోతే దాన్ని స్ట్రైక్ అంటారు. ఆ మాట మైకు ముందు ఛస్తే అననన్నాడు. ఫిల్మ్‌నగర్‌లో స్ట్రైక్ అంటే షూటింగులు బంద్, ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు, దాన్ని నోరారా పిలవడమెందుకని ఆయన సెంటిమెంటు. సరేనని అన్నిచోట్లా 'బంతి తప్పింది' అని మార్చుకొచ్చాను.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. మాకు అప్పగించిన జట్టు కిందటేడు కప్పు గెలిచిన జట్టు. నీలం టోపీల వాళ్ళు. ఈ ఏడూ దిగిన దగ్గర్నుంచీ ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఉతికి ఆరేస్తున్నారు. నేను ఉత్సాహంగా విజయభేరి, వీరవిహారం లాంటి మాటలన్నీ వాడేసి రాసిచ్చాను. బాబాయ్ చదివాడు. మా సౌండ్ ఇంజనీర్ అన్న (సిద్దిపేట మనిషి, మనసులో ఏదీ దాచుకోడు) హెడ్‌ఫోన్ తీసి, "ఏందక్కా, ఆళ్ళు గెలిచిండ్రా, సచ్చిండ్రా?" అని అడిగాడు. అతను అడిగిందాంట్లో తప్పేం లేదు. నీలం టోపీల వాళ్ళు బంతిని జనంలోకి కొడుతుంటే బాబాయ్ గొంతు ఊరి మీద దొంగలు పడ్డారని చెబుతున్నట్టుంది. ఓడుతున్నవాళ్ళ వంతు వచ్చేసరికి మాత్రం కరిగి నీరై, "పాపం, బిడ్డ ఎంత కష్టపడుతున్నాడో" అని నేను రాయని ముక్కలు కూడా కలిపాడు. టైము లేక అలాగే పంపించేశాం. మర్నాడు పొద్దున్నే ఫోనొచ్చింది. బొంబాయి ఆఫీసులో తెలుగు తెలిసిన మేనేజర్ ఒకాయన చాలా మర్యాదగా, మీ కామెంటరీ వింటే మా జట్టు గెలిచి ఏదో పాపం చేసినట్టుందండీ, సాయంత్రంలోగా మార్చి పంపండి, లేదంటే చెన్నైలో ఇంకెవర్నైనా చూసుకుంటాం అన్నాడు.

బ్యాంకు పరీక్షలో రైళ్ళ వేగం లెక్కలన్నీ నా కళ్ళముందు పరిగెత్తాయి. బాబాయ్‌ని సెల్లార్ మెట్ల మీద కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, గెలిచేవాళ్ళంటే మీకెందుకంత కచ్చ అని అడిగాను. కచ్చేం లేదన్నాడు. టీ సగం తాగాక అసలు మాట చెప్పాడు.

"మొదటి రీలు నుంచీ గెలుచుకుంటూ పోయేవాడెవడో నాకు తెలుసమ్మా. ముప్పై ఏళ్ళు వాడికి గొంతిచ్చింది నేనే కదా. ఆఖరి రీల్లో వాడి గతేంటో కూడా నాకు తెలుసు. ఆ టోపీల పిల్లలు అలా నవ్వుతూ పరిగెడుతుంటే భయమేస్తోంది."

నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. బురదలో, గోడౌన్లలో, క్వారీల్లో ఎన్నిసార్లు తన్నులు తిన్నదో ఆ గొంతు, ఒక్కసారైనా గెలిచి ఇంటికెళ్ళలేదు. ఆయన మీద జాలి సగం, పని పోతుందన్న గుబులు సగం కలిసి, ఆటలో ఓనమాలు రాని నేను ఒక మాట అనేశాను.

"బాబాయ్, ఇది సినిమా కాదు. దీనికి ఆఖరి రీలు లేదు. వీళ్ళు ఓడరు."

"ఓడరా?"

"ఓడరు. ఈసారికి మీవాడు గెలిచి ఇంటికెళ్తాడు."

నా మొహంలోకి కాసేపు చూశాడు. గ్లాసు పక్కన పెట్టి, మఫ్లర్ తీసి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళాడు.

ఆ పూట చెప్పాడండీ కామెంటరీ! గొంతు ఆ విలన్ గొంతే. కానీ నీలం టోపీ కుర్రాడు కొట్టిన బంతి పైకి లేచి లేచి జనంలో పడుతుంటే ఒక నవ్వు నవ్వాడు. మామూలుగా ఆ నవ్వుకి హీరో చెల్లెళ్ళు వణికి ఛస్తారు. ఆ రోజు మాత్రం అది కొడుకు పాసయ్యాడని వీధంతా చెప్పుకునే తండ్రి నవ్వులా ఉంది. ఇంజనీర్ అన్న మీటల మీది నుంచి చేతులు తీసేసి వింటూ కూర్చున్నాడు. బొంబాయి వాళ్ళు ఆ నవ్వు ప్రతి మ్యాచ్‌లోనూ కావాలన్నారు. సీజనంతా మాకే ఇచ్చారు. మా నాన్న కోచింగ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాతి వారమే నీలం టోపీల వాళ్ళు ఓడారు. అదీ అలా ఇలా కాదు, అందరికంటే అడుగున ఉన్న జట్టు చేతిలో, చిత్తుచిత్తుగా. రాసిన కాయితాలు పట్టుకుని గుమ్మం దగ్గరే రెండుసార్లు వెనక్కి తిరిగి, చివరికి ఆయన చేతిలో పెట్టాను. ఎంత మాటిచ్చాను, ఎంత నమ్మాడు పెద్దాయన అని నన్ను నేనే తిట్టుకున్నాను. బాబాయ్ కాయితాలు మొత్తం చదివి, కళ్ళజోడు సర్దుకుని, ఓడడానికి ఇన్నాళ్ళు ఆగారే అన్నాడు తాపీగా. మరి ఆ రోజు మెట్ల మీద నా మాట నమ్మారు కదా అన్నాను.

"ఎవరు నమ్మారమ్మా? ఎవరో ఒకరు నమ్మకపోతే నువ్వు అక్కడే భోరుమనేలా ఉన్నావు."

అని లోపలికెళ్ళి, ఓడిపోయిన ఆటంతా ఒక్క టేకులో చెప్పేసి, స్కూటరెక్కి ఇంటికెళ్ళిపోయాడు.

ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా ఆఫీసులో నాకూ ఓ చిన్న గది ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలు ఎదురుగా కూర్చుని కథ చెప్పి, ఇది ఆడి తీరుతుంది మేడమ్ అంటుంటారు. ఏవి ఆడతాయో ఏవి ఆడవో ఇన్నేళ్ళలో నాకూ కొంచెం తెలిసింది. అయినా ఆ పిల్లల మొహాలు చూసి, ఆడుతుంది నాన్నా, ఎందుకాడదు అంటాను. ఆ రోజు మెట్ల మీద నా మొహం బాబాయ్‌కి ఎలా కనబడిందో నాకు అప్పుడే తెలుస్తుంటుంది.