మూడో దఫా కాఫీ

కారం అమ్మే అబ్రెహెత్ కోపం అస్మరా మసాలా బజారు మొత్తానికీ తెలుసు. తూకం దగ్గర ఎవడైనా వెధవ్వేషాలేస్తే గుప్పెట్లోకి కారం తీస్తుంది. ఇంతవరకూ ఎవడి మొహానా కొట్టలేదు. కొట్టదని చెప్పే ధైర్యమూ ఎవడికీ లేదు.

ఆ రోజు ఆమె మస్సావా రేవుకెళ్లే బస్సెక్కింది. ఒళ్లో కారప్పొడి డబ్బా, దళసరి గోధుమ రొట్టె. మొగుడు ఫెస్సహాయెని సాయంత్రం నాలుగింటి పడవలో దీవుల కాపలాకి పంపుతున్నారు. ఎన్నాళ్లకో చెప్పరు. పద్దెనిమిది నెలల సైనిక సేవ అని పట్టుకెళ్లిన మనిషిని పదకొండేళ్లయినా వదల్లేదు. చూసి మూడేళ్లు. పడవ కదిలేలోగా అందుకుంటే చూసినట్టు, లేకపోతే లేదు.

తొమ్మిదింటి బస్సు డీజిల్ కోసం కూర్చుని పదకొండింటికి కదిలింది. ఘాట్ రోడ్డు మీద మబ్బు అద్దాలకి అంటుకుపోయింది.

"బాబాయ్, కాస్త తొక్కు!" అని అరిచింది.

"తొక్కుతానమ్మా. ముందు రోడ్డెక్కడుందో నువ్వు చూపించు," అన్నాడు డ్రైవర్ కిడానె. బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

సగం కొండ దిగాక చెక్‌పోస్టు. లావుపాటి అధికారి అందరి ప్రయాణ అనుమతి కాగితాలూ కట్టగా పట్టుకుని, తొడ కింద పెట్టుకుని, కాఫీ బడ్డీ ముందు పీట మీద కూలబడ్డాడు. "జెవ్దీ, గింజలు వేయించు. కాఫీ మూడు దఫాలూ అయ్యాకే సంతకాలు," అన్నాడు బడ్డీ నడిపే ఆమెతో.

పచ్చి గింజలు పెనం మీద చిటపటలాడాయి. ప్రయాణికులు హాయిగా పొగ వాసన పీలుస్తూ చుట్టూ చేరారు. మొదటి దఫా పోసేసరికి ఒంటిగంట దాటింది. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి మట్టి కూజాని నిప్పుల మీద పెట్టింది జెవ్దీ. రెండో దఫా అయ్యేసరికి రెండు కావస్తోంది. ఇంకా రెండు గంటల దారి.

"అయ్యా, సంతకాలు చెయ్యండి. నా మొగుడు వెళ్లిపోతాడు!"

"మూడోది దీవెన కదమ్మా. వదిలేసి లేస్తామా?" అన్నాడు అధికారి.

"కూర్చో తల్లీ," అన్నాడు కిడానె కూడా. "మూడోది తాగకుండా లేస్తే అరిష్టం."

కూర్చో! సరిగ్గా అదే మాట. పదకొండేళ్ల కిందట, పెళ్లయిన నెలకి, వీధి చివర సిపాయిల లారీ ఆగిందని పక్కింటామె గోడ మీంచి చెప్పింది. పెరటి తలుపు తెరిచే ఉంది. ఫెస్సహాయె పారిపోవడానికి లేచాడు. "కూర్చో అల్లుడూ, మూడోది తాగి వెళ్లు," అంది అబ్రెహెత్ తల్లి. కొత్తల్లుడు, కాదనలేక కూర్చున్నాడు. కప్పు పెదాల దగ్గరుండగానే సిపాయిలు లోపలికొచ్చారు.

అబ్రెహెత్ లేచింది. కూజా మెడ పట్టుకుని, మరుగుతున్న మూడో దఫాని నిప్పుల మీద కుమ్మరించింది. బుస్సుమని బూడిద లేచింది.

జెవ్దీ నోట్లో పైట కుక్కుకుంది. అధికారి ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని పీట మీంచి ఎగిరి లేచాడు. "పాడు ఘడియ! ఈ శనిని నా కళ్ల ముందు నుంచి తీసుకుపో!" అని కిడానె మీద అరుస్తూ గబగబా సంతకాలు గీకేసి కట్ట విసిరేశాడు.

బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఒక ముసలామె దారిపొడవునా శాపనార్థాలు పెట్టింది. కిడానె మాత్రం ఈసారి గట్టిగా తొక్కాడు.

నాలుగింటికి ఇంకా ఆరు నిమిషాలుంది. ఉప్పు గాలిలో, మండుటెండలో, పడవెక్కే చెక్క దగ్గర ఫెస్సహాయె. జుట్టు నెరిసిపోయింది. డబ్బా, రొట్టె అందుకున్నాడు.

"ఇంత ఆలస్యమైందేం? దారిలో కాఫీ తాగారా?"

"రెండు దఫాలు."

"మూడోది?"

"నిప్పుల్లో పోశా."

అతని మొహం వాడిపోయింది. "అయ్యో, అదేం పని! మూడోది పారబొయ్యకూడదే."

అంతే. "నీకింకా బుద్ధి రాలేదా!" అని రేవంతా వినపడేలా అరిచింది. తల్లిని తిట్టింది, లారీని తిట్టింది, కూర్చున్నందుకు అతన్ని తిట్టింది. అతను తల వంచుకుని విన్నాడు, కొత్తల్లుడిలాగే. బయల్దేరమని కూత పెట్టారు. పడవెక్కాడు.

ఆరు నిమిషాలూ తిట్లకే సరిపోయాయి. నీళ్లు వెడల్పవుతుంటే చెప్పు విప్పి సముద్రంలోకి విసిరి, ఇంకా తిడుతూనే ఉంది.